నేనే ఎక్కిన శామీర్‌పేట బస్సు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. మొదటినుంచీ బాధపడుతూ మోశాననుకోకండి. మొదట్లో హాయిగానే ఉండేది. నలుగురూ నా మీద జాలిపడుతుంటే సుఖంగా ఉండేది. బరువు తర్వాత తెలిసింది. ఇప్పుడది నా ఒక్కడి మీదే లేదు, అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకు లేదు.

మాది మేడ్చల్. తొంభైల మొదట్లో జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేరాను. ఈ రోజుకీ ఆపరేటర్‌నే. ఎందుకు పైకి రాలేదని ఎవరడిగినా నా దగ్గర ఒక కథ సిద్ధంగా ఉంటుంది. మా పై ఆఫీసరు ప్రసాదరావు కోస్తా మనిషి, షిఫ్టు ఇన్‌చార్జి పరీక్ష సంగతి నాకు చెప్పకుండా దాచాడు, మనవాళ్ళని ఎదగనివ్వలేదు. ఇదీ కథ. పెళ్ళిళ్ళలో చెప్పాను, దినాల్లో చెప్పాను, కల్లు దుకాణంలో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు నా భుజం మీద చెయ్యి వేసేవారు.

ఆయన దాచలేదు.

పని నాకు వచ్చు. రియాక్టరు అద్దంలోంచి చూసి ఎప్పుడు చల్లార్చాలో చెప్పేవాణ్ణి. కానీ బ్యాచ్ షీటులో ఇంగ్లీషులో రాయవలసినవన్నీ పాత షీటు ముందు పెట్టుకుని దించేవాణ్ణి. ఏం రాస్తున్నానో నాకే తెలియదు. ప్రసాదరావు గారు అది కనిపెట్టారు. నలుగురిలో అనలేదు. కుత్బుల్లాపూర్‌లోని వాళ్ళింటికి ఆదివారాలు రమ్మన్నారు. వరండాలో కూర్చోబెట్టి ఒక్కో మాటకూ అర్థం చెప్పేవారు. వాళ్ళావిడ పెసరట్టు వేసి పెట్టేది. కొన్నాళ్ళు వెళ్ళాను. ఆయన అడిగేవారు, నేను తప్పు చెప్పేవాణ్ణి. షిఫ్టులో అందరూ ‘అన్నా’ అంటూ నన్నడిగి పని చేసేవాళ్ళు, ఈ వరండాలో మాత్రం నేను బడిపిల్లాణ్ణి. మానేశాను. తలనొప్పి అన్నాను, చుట్టాలొచ్చారన్నాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

మా ఫ్యాక్టరీలో ఇన్‌చార్జి పరీక్షలకు బోర్డు మీద నోటీసు పెట్టే పద్ధతి లేదు. ఎవరికి అర్హత ఉంటే వాళ్ళ దగ్గరికి ఆఫీసరే వచ్చి నోటితో చెప్పేవాడు. అంతే. ఆ పద్ధతే నన్ను కాపాడింది, ఆయన్ని ముంచింది. ఒక శనివారం, సెంట్రిఫ్యూజు యంత్రం తిరుగుతున్న చప్పుడులో, ఆయన నా చెవి దగ్గరికి వంగి చెప్పారు. సోమవారం పొద్దున పరీక్ష. పెద్ద మేనేజరు ప్రశ్నలు అడుగుతారు. పిలుపు నాకూ, యాదగిరికీ. యాదగిరి కీసర వాడు, నాతోపాటే చేరినవాడు. నేను తల ఊపాను.

ఇంట్లో చెప్పలేదు. అప్పటికే ఓడిపోవడానికి సిద్ధపడ్డానేమో. సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మేడ్చల్ బస్టాండుకు వెళ్ళాను. జీడిమెట్ల బస్సు కదలబోతోంది. దాని వెనక శామీర్‌పేట బస్సు ఆగి ఉంది. ఎక్కుతావా లేదా అన్నట్టు కండక్టరు నా వైపు చూశాడు. నేను వెళ్ళి వెనకదాన్ని ఎక్కాను. నన్నెవరూ నెట్టలేదు. ఎవరూ ఆపలేదు. శామీర్‌పేట చెరువు దగ్గర జామకాయలు కొనుక్కుని తింటూ పొద్దంతా కూర్చున్నాను. ఏమేం అడుగుతుంటారా అని ఊహించుకున్నాను. కొన్నిటికి జవాబులు నాకు వచ్చు కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు క్యాంటీనులో టీ తాగుతుంటే, పరీక్షకు ఎందుకు రాలేదని ఒకడు అడిగాడు. భయమేసిందని అనవచ్చు. జ్వరమని అనవచ్చు. ‘నాకు చెప్పలే’ అన్నాను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, నాలుక మీదే ఉన్నట్టు వచ్చేసింది. అందరికీ కోపం వచ్చింది, నా తరఫున. నా కోసం అంతమంది కోపం తెచ్చుకోవడం నా బతుకులో అదే మొదలు. ఆ సంగతి విని ప్రసాదరావు గారు క్యాంటీనుకే వచ్చారు.

“శనివారం నీకు చెప్పాను కదయ్యా?”

“లే సార్. నాకెవ్వరు చెప్పలే.”

“సెంట్రిఫ్యూజు దగ్గర. నువ్వు తల కూడా ఊపావు.”

“గా సప్పుడుల ఏం ఇనవడ్తది సార్? అసలు మీరు చెప్పనే లే. మావోళ్లకు మీరెందుకు చెప్తరు?”

ఆ చివరి మాట ఎందుకన్నాను? అనకుండా ఉంటే అది నాకూ ఆయనకూ మధ్య గొడవగా మిగిలేది. అన్నాను కాబట్టి నా భయం అందరి కోపం అయిపోయింది. నిజంగా అన్యాయం జరిగినవాళ్ళు మాలో ఉన్నారు, వాళ్ళెవరో, వాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగిందో నాకు తెలుసు. వాళ్ళ బాధను ఎత్తుకొచ్చి నా పిరికితనం మీద దుప్పటిలా కప్పుకున్నాను. ఆయన నా మొహంలోకి చూసి వెళ్ళిపోయారు. మరోసారి గట్టిగా అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణా? ఒప్పుకునేవాణ్ణని అనుకోవడం నాకిష్టం. ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ తర్వాత కార్మికులు ఆయనతో మాట్లాడడం మానేశారు. ఒకరోజు గేటు దగ్గర స్కూటరు ఆపి ఆయన్ని దించి, నానా మాటలూ అన్నారు. నేను వెనక వరసలో నిలబడ్డాను. యాజమాన్యానికి గొడవ అక్కర్లేదు, ఆయన చేత రాజీనామా రాయించారు. వాళ్ళ సామాను లారీ ఎక్కుతుంటే చూశానని ఒకడు నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో పెసరట్టు తిన్నానని ఎవరికీ చెప్పలేదు.

ఇన్‌చార్జి ఉద్యోగం యాదగిరికి వచ్చింది. మనవాడికే వచ్చింది. నా కథ అక్కడితో చచ్చిపోవాలి. చావనివ్వలేదు. వాడు వాళ్ళ చెంచా అన్నాను. తర్వాత కూడా పరీక్షలు జరిగాయి. ప్రతిసారీ యాదగిరే వచ్చి చెప్పేవాడు. “నాకేం జేసిన్రో నీకెరుక లేదా? నేను రాను” అనేవాణ్ణి. దాన్ని అందరూ ఆత్మగౌరవం అనుకున్నారు. నేను కూడా అలాగే అనుకోవడానికి ప్రయత్నించాను. అన్యాయం జరిగినవాడు ఇక చదవనక్కర్లేదు, ప్రశ్నలకు జవాబు చెప్పనక్కర్లేదు, ఓడిపోనక్కర్లేదు. అంత సుఖమైన కుర్చీ ఏ ఇన్‌చార్జికీ ఉండదు.

మా అమ్మాయి ఆ కథ వింటూ పెరిగింది. కెమిస్ట్రీతో డిగ్రీ పాసైంది, నాలా దించి రాసే రకం కాదు. శామీర్‌పేట వైపు కొత్తగా వచ్చిన ఒక కంపెనీ వాళ్ళు ల్యాబులో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచారు. పొద్దున్నే బయల్దేరిన పిల్ల కాసేపటికే తిరిగొచ్చింది. బస్టాండు దాకా వెళ్ళిందట. బస్సు ఎక్కలేదట.

“ఏమైంది బిడ్డా?”

“ఎట్లయిన మనోళ్లను తీస్కోరు గద నాయినా. నీకు జేసిందే నాకు జేస్తరు.”

తర్వాతి బస్సుకు ఇంకా టైముంది. చెప్పవచ్చు. ఆయన చెప్పిండు బిడ్డా, నేనే పోలే, నువ్వు పో. అంతే కదా చెప్పవలసింది. ఆ పిల్ల కళ్ళల్లో నేను అన్యాయమైపోయిన నాయినను. ఆ ఒక్క పదవి అయినా పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది.

“గంతే బిడ్డా. పోనీ తియ్” అన్నాను.

ఇప్పుడు ఆమె మేడ్చల్‌లో ఒక మెడికల్ షాపులో రోజంతా నిలబడి మందులు అమ్ముతోంది. ఇంకెక్కడైనా ప్రయత్నించమని ఎవరైనా అంటే, మా నాయినకు ఏం జరిగిందో తెలుసా అని మొదలుపెడుతుంది. నేను పక్కనే కూర్చుని వింటాను. నాకంటే బాగా చెబుతుంది. ఆమె నిజమనుకుని చెబుతుంది కదా.

ఆమెకు చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో మీకు తెలిసిపోయింది. ప్రసాదరావు గారు ఎక్కడున్నారో తెలియదు, తెలుసుకోవడానికి నేను ప్రయత్నించిందీ లేదు. మీరు క్షమించవలసిన పని కూడా లేదు. ఇది రాస్తుంటే మాత్రం గుండెల్లో ఏదో కాస్త వదులైంది. ఆ మాత్రం తేలిక నాకు దక్కాలా అంటే, అదీ తెలియదు.

ఆయన నాకు చెప్పారు. నాకు వినబడింది. నేను పోలేదు.