ఓబులయ్య ఒప్పుకున్న తప్పు

మార్కాపురం పలకల గనుల్లో పనిచేసే ఓబులయ్యకి ఒక అలవాటుండేది. రాయి చెక్కగానే అంచుకి కన్ను ఆనించి, వంకర ఉందేమో చూసుకునేవాడు. ఆ అలవాటే వాడి కొంప ముంచింది.

అరవైల నాటి మాట, రాష్ట్రం ఏర్పడి పదేళ్లు కావస్తోంది. ఊళ్లో దుకాణందారుల బిడ్డ రాధాకృష్ణమూర్తి బొంబాయిలో ఇంజనీరు. పాత రాడారు వాల్వు పెట్టి కంటికి కనబడని మైక్రోవేవ్‌లు పుట్టించి, ఇత్తడి గొట్టం గుండా గాజుబుడ్డిలోని వాయువులోకి తోసి, సూర్యుడంత వేడెక్కించాలని అక్కడివాళ్ల తపన. స్విచ్చుబోర్డులకి రాతిపలకలు కోయడానికి మూర్తి ఓబులయ్యను వెంట తీసుకుపోయి, తర్వాత గొట్టాలు బిగించే పనిలో పెట్టాడు. గొట్టంలో ఏం పారుతుందో మాత్రం చెప్పలేదు. చెప్పినా వీడికేం అర్థమవుతుందిలే అనుకున్నాడు, మహానుభావుడు!

అతుకు సరిగ్గా కూర్చుందో లేదో ఓబులయ్య గొట్టానికి ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను పెట్టి చూసేవాడు. లోపల మంట లేదు, వెలుగు లేదు. ఒక్కోసారి కన్ను వెచ్చబడేది, అంతే. ముప్పై నిండకుండానే రెండు కళ్లకీ శుక్లాలు కమ్మాయి. ఆపరేషన్ చేయిస్తే చీముపట్టి ఉన్న కాస్త చూపూ పోయింది. పనిలోంచి తీసేసి రైలెక్కించారు.

"బొంబాయిలో ఏం పాపం చేసినాడో, అంకాలమ్మ తల్లి కండ్లు తీసింది. గుడి ముందర తప్పు ఒప్పుకుంటేనే నా బిడ్డను పంపేది" అని అత్త వెంకటసుబ్బులమ్మ, ఓబులయ్య పెళ్లాం యల్లమ్మను తర్లుపాడు పుట్టింటికి తీసుకుపోయింది.

పెళ్లాం కావాలి ఓబులయ్యకి. చేయని పాపం ఎట్లా ఒప్పుకుంటాడు? ఇంతలో మూర్తి ఊరికొచ్చాడని తెలిసి, అత్తను పిలిపించుకుని, తడుముకుంటూ ఆయన గడప దగ్గరికి పోయాడు.

"అయ్యా, ఆ గొట్టమే నా కండ్లు తినిందని మా అత్తకు ఒక్క మాట చెప్పండి."

"నిప్పు లేదు, వెలుగు లేదు. కండ్లెట్ల పోతాయి ఓబులయ్యా? లేనిపోనివి పుట్టించొద్దు" అన్నాడు మూర్తి.

ఓబులయ్య రైలెక్కిన వారానికే, గొట్టంలోకి ఎవరూ చూడరాదని ఆ గది తలుపుకి బోర్డు కొట్టించింది ఈ పెద్దమనిషే. చదువుకున్నవాడికి నోరెప్పుడు మూసుకోవాలో బాగా తెలుసు.

మరుసటి మంగళవారం ఓబులయ్య గుడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, "పరాయి ఆడదానితో తిరిగినా తల్లీ" అని అందరూ వినేట్టు అరిచాడు. జనం ఉమ్మేశారు. యల్లమ్మ ఏడ్చింది, కానీ ఇంటికి వచ్చింది.

ఆ పూట సంకటి ముద్ద చేతిలో పెట్టి, మొగుడి గడ్డం పట్టుకుని మొహం తన వైపుకి తిప్పుకుంది.

"నిజం చెప్పేసినావు గదా మామా. తల్లి దయ తలచింటుంది. ఇప్పుడు నేను కనపడతాండానా?"

"కొంచెం కొంచెం" అన్నాడు ఓబులయ్య.