బండగుంతలో వెల్లకిలా ఈదే పురుగు

మొన్న వానలకు గౌలిపురలో మా గల్లీలోకి ఒక కాలేజీ అమ్మాయి చేతివల, గాజుసీసా పట్టుకుని వచ్చింది. మా వైపు ఎవరు ఏం వెతుకుతూ వచ్చినా స్థలం కొలతలకే వచ్చారనుకుంటాం కనుక, నేను తలుపు సగమే తీశాను. సీసాలో వెంట్రుకల్లాంటి కాళ్లు ఆడిస్తూ గోరంత పురుగు వెల్లకిలా ఈదుతోంది. రొయ్యకు చుట్టమట. వాన గుంతల్లో పుట్టి, గుంత ఎండేలోగా గుడ్లు పెట్టి పోతుందట. గుంతలన్నీ పూడ్చేస్తుంటే ఆ జాతే కరువైపోతోందట. "మీ ఇంటి వెనక బండ మీద ఉండేవంట కదా అంకుల్?" అంది. ఉండేవి. వాటి మూలంగా ఈ ఇంట్లో ఎంత లొల్లి జరిగిందో ఆ పిల్లకెలా చెప్పను?

అప్పట్లో ఈ ఇల్లు మా మేనత్తది. బర్రెల పాలు అమ్మేది. తెల్లవారుజామున పాలకొచ్చినవాళ్ల ముందు చెంబు బోర్లించి, చుక్క నీళ్లు లేవని చూపించాకే పితికేది. ఆమె పరువంతా ఆ బోర్లించడం మీదే నిలబడింది. దూడను కుడవనివ్వడం, పొదుగు కడగడం, దుకాణాలవాళ్ల ఇళ్లకు పాలు మోసుకెళ్లడం మామ పని. నల్లా రాని రోజుల్లో ఆయన ఇంటి వెనక బండగుంతలో నీళ్లే ముంచుకొచ్చేవాడు. ఒక వానాకాలం బట్టల దుకాణం సేటు భార్య పాలు వడగట్టిన గుడ్డ తెచ్చి అందరి ముందూ పరిచింది. దాని మీద ఆ పురుగు. "బర్రె పొదుగుల ఇది పుడ్తదా అక్కా?" అని మాత్రం అడిగింది. మర్నాటికి సగంమంది పాలకు రాలేదు.

అత్తకు తన మీద తనకు అనుమానం లేదు. ఇక మిగిలింది మామే. ఆయన బీడీ కాల్చుకోవడానికి లేచినా ఆమె కళ్లు వెనకే వెళ్లేవి. పాలబిందె మీద మూత, మూత మీద రాయి పెట్టి, ఆ రాయి ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకునేది. రాయి కదలకపోతే, కదిపి మళ్లీ అలాగే పెట్టాడని అనుమానించేది. చివరికి ఉన్న కొద్దిమంది ఎదుటే అనేసింది. "నువ్వే కలిపినవ్. ఇంట్ల ఇంకెవరున్నరు?"

మామ దూడను గుంజకు కట్టేశాడు.

మర్నాడు సేటు భార్య తానే వచ్చి కొట్టం గుమ్మంలో నిలబడింది. మామ పొదుగు కడిగాడు, తుడవలేదు. ఏనాడూ తుడిచే అలవాటు లేదు. అత్త పితకడం మొదలుపెట్టగానే పొదుగు మీది నీళ్లు చెంబులోకి కారాయి. సేటు భార్య వంగి నురగ పక్కకు నెట్టి చూసింది. మరో పురుగు. "కలిపింది ఎవ్వరు కాదు. పొదుగు తుడుస్తలేరు, గంతే" అంది.

కొన్నాళ్లకే పాలకొచ్చేవాళ్లంతా తిరిగొచ్చారు. అత్త ఆ గుంతను రాళ్లూ సిమెంటూ పోయించి పూడ్పించింది. నోరు జారానని మామతో ఒకసారి అంది కూడా. ఆయన తలూపాడు. కానీ ఆ ఇంటి పాలు మాత్రం మళ్లీ ముట్టలేదు; పోయేదాకా పాలు లేని చాయే తాగాడు. అత్త రోజూ ఆయన గ్లాసు పక్కన వేడిపాల గిన్నె పెట్టేది, చల్లారాక తీసేది.

గుంత లేదని మాత్రం చెప్పి ఆ అమ్మాయిని పంపేశాను. వాళ్లిద్దరిదీ మస్తు ఏళ్ల కాపురం. అయినా ఆ గిన్నె చల్లారేదాకా ఎదురెదురుగా మాట లేకుండా కూర్చున్న ఆ కాస్త సేపే, నాకిప్పటికీ ఆ ఏళ్లన్నిటికన్నా పొడుగ్గా తోస్తుంది.