పిల్లిని ఏరు దాటించిన సంగతి

నలుగురూ చేరితే మా ఆవిడ ఇప్పటికీ ఒక కథ చెబుతుంది. పెళ్ళైన కొత్తలో తనకు ఆటలమ్మ పోసి మూడు వారాలు గదిలో ఉండిపోతే, నీచు ముట్టని మొగుడు తన పిల్లికి చేపలు తెచ్చి పెట్టాడని. అందరూ నావైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళిపోతాను. అది నిజం కాదు.

తొంభైల్లో రామచంద్రపురంలో అద్దెకుండేవాళ్ళం. ఆ తెల్లపిల్లి మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. తనకు ఒంటి నిండా పొక్కులు లేచిన రోజునే అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, వంటలో తాలింపు మానేసింది. అమ్మకు చిన్నప్పుడే వచ్చి తగ్గింది కనుక లోపలికి వెళ్ళి చూసుకునేది. నాకు రాలేదు కాబట్టి గడప దాటొద్దన్నారు డాక్టరుగారు. పిల్లి మాత్రం తలుపు సందు దొరికితే లోపలికి దూరేది. మా ఆవిడ పక్కలో పడుకుని, లేచి తిన్నగా నా కంచం దగ్గరికి వచ్చేది.

నాకు భయం వేసింది. మా వైపు పిల్లిని వదిలించుకోవాలంటే గోనెసంచిలో కట్టి ఏరు దాటిస్తారు. నీళ్ళు దాటిన పిల్లికి తిరిగొచ్చే దారి తెలియదని నమ్మకం. నాలుగోరోజున బస్సులో కోటిపల్లి రేవుకు వెళ్ళి, పంటు ఎక్కి గోదావరి దాటి, అవతలి ఒడ్డున సంచి విప్పాను. అది పారిపోలేదు. నా కాళ్ళకు రాసుకుంది. అదే పంటులో వెనక్కి వచ్చేశాను. అమ్మ చెబితేనే చేశానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అమ్మ చెప్పలేదు.

ఆ సాయంత్రం తలుపు అవతలి నుంచి మా ఆవిడ నీరసంగా అడిగింది.

"ఏవండీ, పిల్లి పాలు తాగిందా?"

"తాగింది."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. "దాని అరుపు వినబడట్లేదేంటండీ?" అంటే, "తిని పడుకుంటోందిలే" అన్నాను.

అమ్మ ఒకరోజు నన్ను పెరట్లోకి పిలిచింది. "ఒరేయ్, మూడోసారి వేపనీళ్ళు పోశాక ఆ పిల్ల బయటికొస్తుంది. ముందు వెతికేది మన మొహాలు కాదు. పిల్లి లేదని నువ్వే చెప్పుకో. నావల్ల కాదు."

ఆ మూడోసారి నీళ్ళు పోసే రోజున పొద్దున్నే మొదటి పంటు ఎక్కాను. అవతలి రేవులో చేపలమ్మే మనిషి గంప పక్కన కూర్చుని చేప తల కొరుకుతోంది మా పిల్లి. ఆమె నా చేతిలో సంచి చూసింది.

"ఆ రోజు వదిలేసింది మీరేనాండి?"

"నేనేనండి. మా ఆవిడ పిల్లి."

"మరి ఆవిణ్ణెప్పుడు దాటిస్తారండి?"

సిగ్గుతో జబ్బు సంగతి చెప్పాను. ఆమె గొంతు మెత్తబడింది. "పంటు వచ్చినప్పుడల్లా దిగేవాళ్ళ కాళ్ళకేసి చూసేదండి. సంచిలో వద్దు. ఎత్తుకెళ్ళండి."

దారి పొడుగునా చొక్కా గీరింది. దింపలేదు.

నేను వచ్చేసరికి మా ఆవిడ వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు పోసుకుని, చిక్కిపోయి గుమ్మంలో కూర్చుంది. పిల్లి తన దగ్గరిదాకా వెళ్ళి, ఆ వేపవాసనకు కాబోలు, వెనక్కి నా కాళ్ళ మధ్యకు వచ్చేసింది.

"మర్చిపోయిందండీ నన్ను" అంది. ఏడవలేదు. పిలవనూ లేదు. మచ్చలు పడ్డ చేతిని నేల మీద పెట్టి ఊరుకుంది. కాసేపటికి పిల్లి వచ్చి ఆ చేతిని నాకింది. తర్వాత ఒళ్ళోకి ఎక్కింది. దాని వీపులో మొహం దాచుకున్న మనిషి తలెత్తి నన్ను చూసింది.

"నీచువాసన వేస్తోంది. చేపలు పెట్టారా మీరు?"

తల ఊపాను. అప్పుడు ఏడ్చింది.

ఆ చేపలు పెట్టింది రేవులో మనిషి. మెప్పు ఆమెది. పిల్లి ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. గోనెసంచి దులిపిన చప్పుడైతే చాలు, మంచం కిందికి దూరేది. "దీనికి సంచంటే అంత భయమేంటండీ?" అని మా ఆవిడ ఎన్నోసార్లు అడిగింది. ఇన్నాళ్ళకు తనకు నా జవాబు ఇది.