బకెట్లో నారింజ తొక్కల మూట

మా మామగారు పోయాక కూడా ఆయన కాచిన బీరు మా బేస్‌మెంట్లో కొన్నాళ్ళు ఊపిరి వదులుతూనే ఉంది. పొద్దున్నే దీపం పెట్టుకునే మనిషి బీరు గురించి ఇలా మాట్లాడుతుందేమిటని ఎవరైనా అనుకోవచ్చు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఉండి విన్నదాన్ని నేను. అందుకే రాస్తున్నాను.

మేముండేది ఈ చలిదేశంలో, బ్రాంప్టన్‌లో. మా వీధిలో ఏ బేస్‌మెంట్లో చూసినా కాలేజీ పిల్లలు అద్దెకుంటారు. మా బేస్‌మెంట్లో మాత్రం పెద్ద స్టీలు గిన్నె, తెల్లటి ప్లాస్టిక్ బకెట్లు, కడిగి బోర్లించిన సీసాలు ఉండేవి. ఇంజనీరుగా రిటైరయ్యాక, మా అత్తగారు పోయిన దిగుల్లోంచి తేరుకోవడానికి మామగారు పట్టుకున్న పని అది. గోధుమలతో తేలికైన బీరు కాచి, అందులో ధనియాలు, నారింజ తొక్క వేసేవారు.

అందుకు పనికొచ్చే చేదు నారింజలు మా దగ్గరి కొట్లోకి జనవరిలోనే వస్తాయి, అదీ కొద్ది వారాలు. మార్మలేడ్ అనే తొక్కల జామ్ చేసుకునేవాళ్ళ కోసం తెప్పిస్తారట. నేను నైవేద్యం పులిహోరకి కొనేదాన్ని. ఒకసారి రసం పిండి తొక్కలు పారేయబోతుంటే మామగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అమ్మాయ్, ఆగాగు. రసం నీ దేవుడికి, తొక్క నాకు. సరేనా?"

"గింజలో మామయ్యగారూ?"

"మీ ఆయనకి. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడుగా, మీటింగుల్లో."

అలా మొదలైంది మా పొత్తు. నేను ఇంటి చదువు చదువుకున్నదాన్ని. చిన్నప్పుడు ఉబ్బసమని బడికి పంపలేదు. అక్షరాలు, లెక్కలు, స్తోత్రాలు, వంట, అన్నీ అమ్మమ్మే ఇంట్లో నేర్పింది. దేవుడికి పెట్టేది ముందు మనం రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు అనేది ఆవిడ. పొయ్యి దగ్గర ఊపిరి బిగబట్టడం నాకు అప్పటి నుంచి అలవాటైపోయింది. మామగారి కోసం ధనియాలు దంచేటప్పుడు కూడా బిగబట్టానట. ఆయన చూసి పెద్దగా నవ్వారు.

"నా బకెట్‌కి నైవేద్యం లేదమ్మా. హాయిగా వాసన చూడు. చూసి నాకు చెప్పు. ఆ మధ్య జ్వరం వచ్చిందగ్గర్నించీ నా ముక్కు సగం చచ్చింది."

అప్పుడు చూశాను. పచ్చి ధనియాలు దంచితే నిమ్మకాయ వాసన వస్తుందని, వేయిస్తే అది పోయి చారు వాసన మిగులుతుందని అన్నేళ్ళు వంట చేసిన నాకు తెలియదు. వేయించి తెచ్చినప్పుడల్లా "ఇది చారు కాదు తల్లీ" అని వెనక్కి పంపేవారు. ఒకసారి లవంగం వేయమన్నాను. ఆ బీరు తాగి మావారు "పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినట్టుంది" అన్నారు. ఆ తర్వాత లవంగం మాట ఎత్తలేదు. ముక్కున్నందుకు దేవుడికి ఎప్పుడైనా దణ్ణం పెట్టానో లేదో గుర్తులేదు. మామగారి పుణ్యాన అదీ పెట్టాను.

తొక్కని లోపలి తెల్లటి దూది తగలకుండా పల్చగా చెక్కి, ఎండబెట్టి, ధనియాలతో కలిపి పల్చటి గుడ్డలో మూట కట్టడం నా పని. బకెట్లో పొంగు అణిగాక మూట అందులో వేస్తారు. ఇక అక్కడి నుంచి రోజూ నేను మూత తీసి వాసన చూడాలి. తొందరగా తీస్తే వాసన పట్టదు. ఆలస్యమైతే చేదు దిగుతుంది, మొత్తం పారబోసుకోవాల్సిందే. "నువ్వు చాలంటే చాలు" అనేవారాయన. నేను చాలు అన్నాక మూట తీసేవారు. ఆపైన సీసాల్లో నింపడం తండ్రీకొడుకుల పని. మావారు గొట్టంతో నింపితే మామగారు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని మూత బిగించేవారు. ఇద్దరూ నోరువిప్పి మాట్లాడుకునేది అప్పుడే.

ఆయన చివరి జనవరిలో కూడా బీరు కాచి బకెట్లో పోశారు. నేనిచ్చిన మూటని శుద్ధి కోసం వోడ్కా జాడీలో నానేశారు.

"ఆదివారం ఖాళీయేనా రా? నింపేద్దాం."

"ఆఫీసులో రిలీజ్ ఉంది నాన్నా. ఆ పై ఆదివారం చూద్దాం."

"చూద్దాం, చూద్దాం. నీ రిలీజ్ ఎప్పుడో, నాకు రిలీజ్ ఎప్పుడో."

ఆ మాటకి ముగ్గురం నవ్వాం. ఆ పై ఆదివారం రాకముందే, ఒక ఉదయం కాఫీ తాగిన కుర్చీలోంచి ఆయన లేవలేదు.

మైల రోజుల్లో ఇంట్లో దీపం లేదు, గంట లేదు, స్తోత్రం లేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఇల్లంతా మంచు కప్పినట్టుండేది. అప్పుడు వినిపించేది ఆ చప్పుడు. బకెట్ మూతకి ఒక చిన్న గొట్టం ఉంటుంది, అందులో కాసిని నీళ్ళు. లోపల బీరుని పులియబెట్టే ఈస్ట్ పనిచేస్తున్నంత కాలం గాలి ఆ నీళ్ళలోంచి బుడగగా బయటికి పోతుంది. బుళుక్. కాసేపాగి మళ్ళీ బుళుక్. హీటర్ గాలి వచ్చే వెంట్ గుండా అది పైదాకా వినబడేది. ఆయన చేత్తో వేసిన ఈస్ట్. ఆయన లేరు, అదుంది. నామం చెప్పుకోకూడని రోజుల్లో నా మనసు ఆ చప్పుడునే లెక్కబెట్టుకుంటూ కూర్చునేది. రోజురోజుకీ ఎడం పెరిగి, చివరికి ఆగిపోయింది.

శుద్ధి అయిన రోజున దీపం వెలిగించి, కిందికి దిగాను. జాడీలో మూట అలాగే ఉంది. పైకొచ్చి మావారిని అడిగాను.

"ఏవండీ, కింద బకెట్ ఏం చేద్దాం?"

"పారబోసెయ్." లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. కాసేపటికి, "వద్దు. ఉండనీ."

"ఉత్తినే ఉంటే పాడైపోతుందండీ."

"నన్నడక్కు. ప్లీజ్."

మామగారు పోయాక మావారు బేస్‌మెంట్ మెట్లు దిగలేదు. లాండ్రీ అక్కడే. చొక్కాలు కావాలంటే మెట్ల పైన నిలబడి నన్ను పిలిచేవారు.

మామగారు చివరిసారి చేసింది అది. మురికి కాలవ పాలు చేయడానికి నాకు చేతులు రాలేదు. చేతులు కడుక్కుని, దేవుడికి చెప్పుకుని, మూటని బకెట్లో వేశాను. మూత నొక్కి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం మావారు భోజనాల బల్ల దగ్గర ఆఫీసు కాల్‌లో ఉన్నారు. నేను బియ్యం ఏరుతున్నాను. కాళ్ళ దగ్గరి వెంట్లోంచి వచ్చింది. బుళుక్.

మావారి మొహం పాలిపోయింది. "కింద ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మళ్ళీ మొదలైందే!"

"మూట వేశాను. వేస్తే ఇరుక్కున్న గాలి కదులుతుందని మామయ్యగారు చెప్పేవారు."

"నాకు చెప్పొద్దూ?"

"చెప్తున్నాగా."

ఆయన కాలితో వెంట్ మూత మూసేశారు. ఆ మధ్యాహ్నమే కాదు, ఆ తర్వాత కూడా తెరవనివ్వలేదు. బయట మైనస్‌లో ఉంది. ఆ గదిలో స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని కూర్చున్నారు గానీ తెరవలేదు.

నేను రోజూ దీపం పెట్టాక దిగి, మూత కొంచెం ఎత్తి వాసన చూసేదాన్ని. ఒక సాయంత్రం అది సరిగ్గా కుదిరింది. నారింజ ముందు, దాని వెనకాలే ధనియాలు, అడుగున తేనెలాంటి గోధుమ. ఇంతకుముందు ఎప్పుడూ అంత బాగా కుదరలేదు. చాలు అనాలి. పక్కన ముక్కాలిపీట ఖాళీగా ఉంది. నోరు తెరిచాను గానీ ఎవరితో అనాలో తెలియలేదు. అంటే మూట తీయాలి. తీస్తే ఇక మామగారి పని అయిపోయినట్టే. మూత పెట్టేసి వచ్చేశాను. మర్నాడూ అంతే. ఆ మర్నాటికి నారింజ వాసన కింద తెల్లదూది వాసన, పచ్చిగా, సన్నగా తగిలింది. చేదు దిగడం మొదలైందని తెలుస్తూనే ఉంది. అయినా మాట పెగల్లేదు.

ఆ వారాంతానికి మాంట్రియల్‌లో చదువుతున్న మా అమ్మాయి ఇంటికొచ్చింది. బట్టలు వేయడానికి కిందికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా పైకొచ్చింది.

"అమ్మా, ఇట్ స్మెల్స్ లైక్ తాతయ్య డౌన్ దేర్. లైక్, హీ జస్ట్ లెఫ్ట్."

మావారు కుర్చీ వెనక్కి జరిపి లేచారు. మెట్ల లైటు వేసుకుని దిగారు. వెనకాలే నేను.

బకెట్ ముందు గొంతుక్కూర్చుని మూత తీసి మొహం దగ్గరికి పెట్టారు.

"తియ్యాలా?"

"మీరు చెప్పండి."

"నాకేం తెలుసు? ముక్కు నీది."

"నోరు రావట్లేదండీ. చేదెక్కుతోందని తెలుసు. అనలేకపోతున్నాను."

ఆయన మోచేతి దాకా కడుక్కొచ్చి, చెయ్యి లోపల పెట్టి మూట ఎత్తారు. నీళ్ళు కారుతున్న మూటని అలాగే పట్టుకుని, "చాలు నాన్నా" అన్నారు. ఎవరితోనో మెల్లిగా బతిమాలుతున్నట్టు.

అప్పుడే సీసాలు కడిగి, నురగ కోసం కొలిచిన పంచదార కలిపి, నింపడం మొదలుపెట్టాం. మూతలు బిగించడం నా వంతు. నేను ఆయనకి కుడివైపు కూర్చున్నాను. ఆయన నింపిన ప్రతి సీసానీ ఎడమవైపు చాపుతున్నారు. అక్కడ ఎవరూ లేరు. సీసా గాల్లో ఆగిపోతోంది, మళ్ళీ ఇటు తిప్పుతున్నారు. చివరికి నేనే లేచి ముక్కాలిపీటని ఎడమవైపుకి లాక్కుని, అందుకోవడం మొదలుపెట్టాను.

సగం అయ్యాక గొట్టం వైపే చూస్తూ అన్నారు, "ఆ రిలీజ్ ఉందే, వాయిదా పడింది. నాన్న అడిగిన ఆదివారం నేను ఊరికే కూర్చున్నాను."

నేను మూత బిగించాను.

కొన్ని వారాలకి, మంచు కరుగుతుండగా ఒక సాయంత్రం మొదటి సీసా తెరిచారు. నురగ గ్లాసు అంచుదాకా లేచింది. నేను తాగను కదా, వాసన చూశాను. అంతా ఉంది. ఆయన తాగి మొహం ముడిచారు.

"చేదుందా?"

"ఉంది. చివర్లో తగులుతోంది. నాన్నుంటే నిన్ను తిట్టేవాడు."

"మిమ్మల్ని తిట్టేవారు. నన్నెప్పుడూ తిట్టలేదు."

"అదీ నిజమే" అని నవ్వి, గ్లాసు మొత్తం తాగేశారు. పారబోయలేదు. ఆ ఒక్కదానికీ నేను దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో.

తర్వాత ఆయన వంగి, ఈసారి చేత్తో, వెంట్ మూత తెరిచారు. వెచ్చటి గాలి మా పాదాల మీదికి వచ్చింది. ఇద్దరం చెవులు అటు పెట్టి చాలాసేపు కూర్చున్నాం. కింద ఏ చప్పుడూ లేదు.