కాటా మామయ్య, తల వంచిన దీపాలు

మా మామయ్యని బజారంతా కాటా మామయ్య అంటుంది. నాకైతే ఆయన మా ఆయన తండ్రి కాబట్టి మామయ్య. మిగతావాళ్లకి ఏ వరసో నాకు తెలీదు. పిలవడం మాత్రం పదేళ్ల పిల్లల దగ్గర్నుంచి పళ్లూడిన వాళ్లదాకా అందరూ అలాగే పిలుస్తారు. నలభై ఒక్క ఏళ్లుగా ఆయన పని కాటాలు బాగుచేయడం. రొట్టెల దుకాణంలో పిండి తూచే కాటా, మందుల షాపులో పొడులు తూచే బుల్లి కాటా, ఆసుపత్రిలో పసికందుల్ని పడుకోబెట్టి తూచే కాటా, ఏది మొండికేసినా కబురు ఈయనకే వస్తుంది.

కాటా ముందుకి వెళ్లగానే ఆయన అడిగే మొదటి మాట ఒకటే. "పళ్లెం ఖాళీ చేశారా?" పళ్లెం మీద ఈగ వాలినా తోలేసి, ముల్లు సున్నా దగ్గర నిలిచిందో లేదో చూసి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ తీస్తారు. తన సొంత కాటాని కూడా నమ్మరు. పొద్దున్న లేవగానే దాని ముందు వంగి చూసుకుంటారు. "నిన్న సరిగ్గా ఉందని ఇవాళ ఉంటుందని ఏముందమ్మా? సున్నా రోజూ చూసుకోవాలి" అంటారు. నేను కాపరానికొచ్చిన కొత్తలో వంటింట్లో కేకు కోసం పంచదార తూస్తుంటే వెనకనుంచి వచ్చి, "పళ్లెం ఖాళీ చేశావా అమ్మాయ్?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. గిన్నె ఎత్తి చూస్తే దాని కింద నా ఉంగరం ఉంది. ఆ రోజునుంచి ఆ విషయంలో నేను నోరెత్తలేదు.

ఆయన ఆస్తి అంతా ఒక చెక్కపెట్టె. అందులో తూకం రాళ్లుంటాయి. గోళీకాయంత ఇత్తడి రాయి మొదలుకుని పది కిలోల ఇనుప రాయి దాకా, మొత్తం అరవై కిలోలు. రోజంతా ఆ పెట్టె కారు డిక్కీలో తిరుగుతుంది. సాయంత్రం మాత్రం ఇంట్లోకి రావాల్సిందే. మంచు తగిలితే రాళ్లు తుప్పు పడతాయని ఆయన భయం. రాళ్లన్నీ నాలుగైదు విడతలుగా మోసుకొచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచి, మంచం కింద పెట్టుకుంటేగానీ ఆయనకి అన్నం సయించదు. నా పెళ్లయి తొమ్మిదేళ్లయింది. ఒక్క సాయంత్రం కూడా ఆ పెట్టె బయట ఉండటం నేను చూడలేదు.

అలాంటి మనిషి మూడు నెలలుగా డీలా పడిపోయారు. చీకటి పడ్డాక కారు నడుపుతుంటే దారి కనపడటం లేదు. ఒకరోజు గేటు పక్కన పూలకుండీని గుద్దారు. ఇంకోరోజు తోపుడు బండికి వెంట్రుకవాసిలో బ్రేకు వేశారు. కళ్ల డాక్టరు చూసి, వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాయన్నాడు. "పగలు కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు చదివించాడు. చీకట్లో చదివించాడా?" అని మామయ్య ఆ మాటని కొట్టిపారేశారు. కళ్లు పోతున్నాయని ఆయన తనకి తనే తీర్పు చెప్పేసుకున్నారు.

"ఈమధ్య మీ మామయ్య పొద్దున్నే లేచి నన్నే చూస్తూ కూర్చుంటున్నారే" అని అత్తయ్య ఒకరోజు నా చెవిలో చెప్పింది. "కళ్లజోడు పెట్టుకుని మరీ చూస్తున్నారు. ఈ వయసులో ఇదేం సరసమో!" చెప్పింది విసుక్కుంటూనే గానీ, ఆ వారం కొత్త దువ్వెన కొనుక్కుంది.

తోపుడు బండి సంగతి బావగారికి తెలిసింది. బావగారంటే మా ఆయన అన్న, పళ్ల డాక్టరు. ఏ మనిషిని చూసినా నోరు తెరవమంటారేమో అన్నట్టు చూస్తారు. చెడ్డవారు కాదు, తండ్రంటే ప్రాణం. ఆ ప్రాణం కొద్దీ వచ్చి కారు తాళం అడిగారు. గొడవ గొడవయింది. చివరికి ఒక పరీక్షకి ఒప్పుకున్నారు ఇద్దరూ. ఆదివారం సాయంత్రం ఏడింటికి మామయ్య వీధి మలుపులో కారు ఆపాలి. వీధి కొసన గిడ్డంగి గోడ దగ్గర బావగారు ఒక అట్టముక్క పట్టుకుని నిలబడతారు. దాని మీద రాసిన అంకెని మామయ్య కారు వెలుగులో చదవాలి. చదివితే తాళం ఆయనది, లేకపోతే బావగారిది. కారు లేకపోతే పెట్టె కదలదు, పెట్టె కదలకపోతే పని లేదు. అది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

శుక్రవారం సాయంత్రం చీకటి పడుతుండగా అత్తయ్య మందులు అయిపోయాయని నేను ఆ కారు తీశాను. వీధి దాటానో లేదో నాకు ముచ్చెమటలు పోశాయి. నాకూ ఏమీ కనపడటం లేదు! ముందు పది అడుగుల రోడ్డు తప్ప అంతా చీకటే. ముప్ఫై నాలుగేళ్లకే నా కళ్లు కూడా పోయాయా అనుకున్నాను. కారు ఆపి, దిగి చూశాను. రెండు దీపాలూ తప్పు చేసిన పిల్లల్లా నేలచూపులు చూస్తున్నాయి.

ఇంటికొచ్చి చెబితే మామయ్య నమ్మలేదు. "నా మీద జాలితో అంటున్నావు" అన్నారు.

"జాలీ లేదు, గీలీ లేదు. రండి, మీరే చూడండి" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. పక్కింటి టాక్సీ అన్నని కూడా కేకేశాను. అతను స్టార్ట్ చేయించి చూశాడు.

"మామూలుగా తాళం తిప్పగానే దీపాలు ఒకసారి కిందికి దిగి మళ్లీ పైకి లేస్తాయి మామయ్యా. మీవి దిగి అక్కడే ఉండిపోయాయి" అన్నాడు. "వెనక బరువు పెడితే కారు ముక్కు లేస్తుంది కదా, అప్పుడు వెలుగు ఎదుటివాళ్ల కళ్లల్లో కొడుతుంది. అలా కొట్టకుండా వెనక చక్రం దగ్గర ఒక సెన్సారు ఉంటుంది. వెనక ఎంత కుంగిందో చూసి, అంతకి తగ్గట్టు దీపాల్ని దించుతుంది. మీకు డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలగట్లేదా?"

"వెలుగుతోంది. ఈ ముసలి కారులో ఎప్పుడూ ఏదో ఒకటి వెలుగుతూనే ఉంటుంది" అన్నారు మామయ్య. ఉన్నట్టుండి ఆయన గొంతు మారింది. "ఉండు. వెనక ఎంత బరువుందో చూస్తుందన్నావా? అయితే ఇదీ కాటాయే!"

ఆదివారం భోజనాలు కాగానే పని మొదలైంది. వెనక భాగం జాకీతో ఎత్తి, కింద ఇనుప స్టాండ్లు పెట్టి, మామయ్య టార్చి పట్టుకుని గోనెపట్టా మీద పడుకుని లోపలికి దూరారు. బయటికి రెండు పాదాలే కనిపిస్తున్నాయి. రెండు నిమిషాలకి కింద నుంచి నవ్వు వినపడింది. చక్రం కదలికని సెన్సారుకి చేరవేసే పెన్సిలంత కడ్డీ ఒకటుంది. అది విరిగి, సెన్సారు చెయ్యి వేలాడుతోంది. దాంతో డిక్కీలో ఏనుగు కూర్చుందని భ్రమపడి, కారు మూడు నెలలుగా తల వంచుకుని తిరుగుతోంది.

అలాంటి కడ్డీ ఆదివారం ఎక్కడ దొరుకుతుంది? మామయ్య తన సామాన్లలోంచి పాత కాటా కడ్డీ ఒకటి తీశారు. రెండు కొసలా గుండ్రటి కీళ్లున్నాయి. విరిగిన ముక్కల్ని పక్కన పేర్చి, కొలిచి, మళ్లీ కొలిచి, మూడోసారి నా చేత కొలిపించి, ఆకురాయితో అరగదీసి బిగించారు. పని చేస్తోందో లేదో చూద్దామని సెన్సారు చెయ్యిని వేలితో పైకి నెట్టారు. దీపాలు ఒక్కసారిగా తలెత్తాయి. ఎదురింటి అరుగు మీద కూర్చున్న సంగీతం టీచరు ముఖం మీద వెలుగు పడింది.

"ఏంటమ్మా, నాకేమైనా సన్మానమా?" అని అరిచిందావిడ.

ఇక మిగిలింది సున్నా పెట్టడం. ఖాళీగా ఉన్న కారుని చదునైన నేల మీద ఆపి, 'ఇదే నీ మామూలు ఎత్తు' అని దానికి నేర్పాలి. టాక్సీ అన్న చేతిలో పట్టేంత యంత్రం ఇచ్చాడు, స్టీరింగు కింద తగిలించి బొత్తాం నొక్కితే చాలు. మామయ్య నీళ్లు నింపిన గొట్టంతో నేల మట్టం చూసుకున్నారు. ఐదు మీటర్ల దూరంలో ప్రహరీ గోడ మీద, వెలుగు పైఅంచు ఎక్కడుండాలో అక్కడ సుద్దగీత గీశారు. అప్పటికి పొద్దు వాలింది. బావగారు కూడా అట్టముక్క చంకలో పెట్టుకుని వచ్చేశారు.

నేను బొత్తాం నొక్కాను. దీపాలు దిగాయి, లేచాయి, ఆగాయి. గీతకి నాలుగు వేళ్లు పైన.

మళ్లీ నొక్కాను. మళ్లీ నాలుగు వేళ్లు పైనే.

"దీపం వెనక స్క్రూ తిప్పి కిందికి దించేద్దాం నాన్నా" అన్నారు బావగారు.

"ముల్లుని వేలితో నెట్టి సున్నా మీద పెట్టమంటావా? దాన్ని మోసం అంటారు" అన్నారు మామయ్య. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. "గీత గీసింది నేనే కదా. అదే తప్పేమోరా. నాకే సరిగ్గా కనపడలేదేమో" అన్నారు. గంట కిందటి దాకా ఈలవేస్తూ పనిచేసిన మనిషి ఆయన.

అత్తయ్య అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని బీన్స్ తుంచుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"పళ్లెం ఖాళీ చేశారా?"

మామయ్య ఆవిడ వంక చూశారు. తర్వాత డిక్కీ వంక చూశారు. ఆయన ముఖం పాలిపోయింది. నేను వెళ్లి డిక్కీ తెరిచాను. రాళ్ల పెట్టె అక్కడే ఉంది! తొమ్మిదేళ్లలో మొదటిసారి అది రాత్రంతా కారులో ఉండిపోయింది. పైగా తాడుతో అడ్డంగా, నిలువుగా కట్టి ఉంది. తాడుకింద ఒక కాగితం, మామయ్య గుండ్రటి దస్తూరి. బావగారు పైకి చదివారు.

"సైన్సు టీచరు గారికి. మీ బడిలో పిల్లలకి పనికొస్తాయని పంపుతున్నాను. తడి తగలనివ్వకండి. వారానికోసారి తుడిపించండి."

దీపాల సంగతి తెలిశాక కూడా తన కళ్ల మీద నమ్మకం కుదరక, పరీక్ష రాయకముందే ఆయన తప్పేశానని నిర్ణయించుకుని, శనివారమే పెట్టె కట్టేశారు. కట్టేసిన పెట్టెని మళ్లీ మంచం కిందకి తెచ్చుకునే ధైర్యం లేక, డిక్కీ మూసి, దాన్ని మనసులోంచి తోసేశారు. ఎంత తోసేశారంటే, ఊరందరి పళ్లేలూ ఖాళీ చేయించిన మనిషికి తన పళ్లెం మీద అరవై కిలోలున్నాయని గుర్తే లేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బావగారు అట్టముక్క కింద పెట్టారు. చొక్కా చేతులు పైకి మడిచి, తాడు విప్పి, రాళ్లు ఒక్కొక్కటే మోసుకెళ్లి ఇంట్లో పెట్టారు. నడుం పట్టుకుని మూలిగారు గానీ, ఎవర్నీ సాయం రానివ్వలేదు.

ఖాళీ కారుకి మళ్లీ సున్నా పెట్టాం. దీపాలు దిగాయి, లేచాయి. వెలుగు వచ్చి గీత మీద గీసినట్టు నిలబడింది.

"ఇహ పరీక్ష ఎందుకులే నాన్నా" అన్నారు బావగారు.

"ఎందుకేంటి? పద, నిలబడు" అన్నారు మామయ్య.

ఏడింటికి వీధి మలుపులో కారు ఆగింది. నేను పక్క సీట్లో ఉన్నాను. వీధి పొడుగునా వెలుగు పరుచుకుంది. కొసన గోడ ముందు బావగారు అట్టముక్క గుండెలకి ఆనించుకుని నిలబడ్డారు. మామయ్య కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశారు.

"ఎనిమిది! ఒరేయ్, నీ చొక్కా పై బొత్తాం ఊడిపోయింది, చూసుకోవా?"

బావగారు వంగి చొక్కా చూసుకున్నారు. బొత్తాం నిజంగానే లేదు. అట్టముక్కతో ముఖం కప్పుకుని అలాగే నిలబడిపోయారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు కనపడలేదు.

భోజనాల తర్వాత అత్తయ్య బావగారి చొక్కాకి బొత్తాం కుడుతుంటే, మామయ్య రాళ్లు తుడుస్తూ అన్నారు. "ఈ మూడు నెలలూ రోజూ లేవగానే ముందు మీ అత్తయ్య ముఖం చూసేవాణ్ణి అమ్మాయ్. నిన్న కనపడినంత బాగా ఇవాళ కనపడుతోందా, లేదా అని. అది మసకబారిన రోజున అన్నీ మానేద్దామనుకున్నాను."

అత్తయ్య సూది ఆగింది. "అందుకా చూశారు? నేనింకా ఏదో అనుకుని మురిసిపోయాను" అని విసురుగా దారం తెంపి లోపలికి వెళ్లిపోయింది. మామయ్య బిక్కముఖం వేసుకుని కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఆయన రొట్టెల దుకాణానికి వెళ్లాలి. త్వరగా టీ ఇద్దామని నేను వాళ్ల గదిలోకి వెళ్లాను. మామయ్య అప్పటికే లేచి, కళ్లజోడు పెట్టుకుని, మంచం పక్కన కుర్చీ వేసుకుని, నిద్రపోతున్న అత్తయ్యని చూస్తూ కూర్చున్నారు.

"కళ్లు బాగున్నాయని తేలిపోయింది కదా మామయ్యా, ఇంకా ఎందుకు?" అన్నాను గుసగుసగా.

"సున్నా రోజూ చూసుకోవాలమ్మా" అన్నారు.

అత్తయ్య కళ్లు మూసుకునే ఉంది, కానీ నవ్వుతోంది.