బెన్హర్ చేతికి కట్టు

పాతపట్నంలో సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్ళు మెకానిక్కుతో పాటు బెన్హర్‌ని కూడా వెంటబెట్టుకుని వెళ్తారు. బెన్హర్ కార్లకి సొట్టలు తీసి రంగులేసే మనిషి. కారు చుట్టూ తిరుగుతూ వేలి మెటికతో రేకు మీద కొడతాడు. టంగుమంటే అసలు రేకు. ముద్దగా పలికితే రంగు కింద లప్పం దట్టించారన్నమాట. ఆ మెటిక మాటకి మా దగ్గర ఎదురులేదు.

తన షెడ్డులో అయితే అతని పట్టుదల మరీ ఎక్కువ. గీతలకి మెత్త లప్పం చాలు. సొట్టకయితే ముందు సుత్తితో రేకు లేపాలి. మిగిలిన ఎగుడుదిగుడుకి మాత్రం గట్టిపడే మందు కలిపిన లప్పం పల్చగా లాగాలి. "లప్పం అట్టులాగుండాల, దిబ్బరొట్టిలాగ కాదు" అంటాడు.

ఇంత నిష్ఠ గల మనిషిని పడగొట్టడానికి ఒక్క బావగారు చాలు. అతని భార్య గ్లోరీకి అన్న, శాంతికుమార్, కారుని వెనక్కి తీస్తూ ఎడమ తలుపుని తన ఇంటి గేటు స్తంభానికే గుద్దేశాడు. గిన్నెడు సొట్ట. అమ్మకానికి పెట్టిన కారు. చూడ్డానికి మర్నాడే, ఆదివారం, మనిషి వస్తున్నాడు.

"రేకు లేపాలంటే తలుపు ఇప్పాల బావా. రెండ్రోజులు పడతాది" అన్నాడు బెన్హర్.

"రెండ్రోజులు నాకెక్కడివి? ఆ పెద్ద డబ్బా ఏటి? అది నింపీ. పైన రంగు పడ్డాక ఎవుడు సూస్తాడు?"

డబ్బా సైజు చూసి లప్పం ఎంచే మనుషులంటే నాకు ఒళ్ళుమంట. బెన్హర్‌కీ మండింది. కానీ షెడ్డు వెనకే ఇల్లు. గ్లోరీ గుమ్మంలోకొచ్చి, "మా అన్నయ్య నోరు తెరిసి అడిగింది ఇదొక్కటే" అంది. అది పచ్చి అబద్ధం, నెలకోటి అడుగుతాడు. అయినా బెన్హర్ తలొంచుకుని సొట్ట నిండా లప్పం దట్టించాడు, అరగదీశాడు, రంగేశాడు. తలుపు తళతళలాడింది. అతని మొహం మాత్రం మాడిపోయింది.

సాయంత్రం శాంతికుమార్ సంబరంగా ఫోన్ చేశాడు. కొనేది వరి రైతు నారాయణమూర్తి అట. "నిన్ను కూడా తెమ్మన్నాడు బావా. నీ మెటిక పడకపోతే కొనడంట. మనకింకేటి కావాల?"

బెన్హర్‌కి అన్నం సయించలేదు. కారు బాగుందంటే, ఊరంతా నమ్మిన మాట అబద్ధమవుతుంది. బాగోలేదంటే గ్లోరీ మాట్లాడదు. పొద్దున్నే కుడిచేతికి గుడ్డతో కట్టు కట్టుకోబోతుంటే గ్లోరీ చూసింది. ఎందుకని అడగలేదు. ఒంటిచేత్తో అవస్థ పడుతున్నాడని తనే ముడి బిగించింది. "కాస్త ఎర్రమందు రాస్తాను, నిజంలాగుంటాది" అంది.

చర్చిలో ఆరాధన అయ్యాక అందరూ కారు దగ్గర చేరారు.

"సెయ్యికేటయ్యింది రా?" అన్నాడు నారాయణమూర్తి.

"సుత్తి తగిలింది మావా. మెటిక పనిసెయ్యదు."

"దానికేటి. నేను కొడతాను, నువ్వు విను. సెవులకి కట్టు నేదు కదా."

దీనికి బెన్హర్ సిద్ధపడి రాలేదు. నారాయణమూర్తి బానెట్ దగ్గర మొదలెట్టాడు. టంగ్.

"ఇది?"

"రేకే మావా."

అలా అడుగుతూ కొడుతూ ఎడమ తలుపు దగ్గరికొచ్చాడు. ముద్దగా పలికింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే. శాంతికుమార్ ఆకాశం చూస్తున్నాడు.

"ఇది?"

బెన్హర్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. "లప్పం మావా. రేకు లేపకుండా నేనే దట్టించీసినాను."

"మరి సెయ్యి?"

"సెయ్యి బాగానే ఉన్నాది."

నారాయణమూర్తి కాసేపు కట్టుని, కాసేపు తలుపుని చూశాడు. "అదంతా పీకీసి, రేకు లేపి, మళ్ళీ రంగెయ్యి. అప్పుడు కొంటాను. వారం పట్టినా పర్లేదు."

"అంతవరకూ నేనేటెక్కి తిరగాల?" అని గొణిగాడు శాంతికుమార్. ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు షెడ్డులో పెచ్చులుగా ఊడిన లప్పం చూసి గ్లోరీ, "మా అన్నయ్య కారుకి ఇంత ఎందుకు పెట్టినావు?" అని మొగుణ్ణే తిట్టింది.

కారు అమ్ముడైంది. బెన్హర్ మాట విలువ కూడా తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు పిలవడానికొచ్చిన వాళ్ళు ముందు అతని కుడిచెయ్యి చూస్తారు. మొన్న నిజంగానే రేకు కోసుకుని వేలికి గుడ్డ చుట్టుకున్నాడు. కారు చూద్దువు రమ్మని పిలవొచ్చిన ఆసామి ఆ గుడ్డ చూసి, ఇంకేమీ అడక్కుండా, ఆ బేరమే మానుకున్నాడు.