టబ్బు మీద చిందేసిన జపాన్ ఆంటీ

చిన్నప్పుడు మేం సింగపూర్‌లోని జురాంగ్ వెస్ట్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని అందరూ కంగారుపడుతున్న రోజులవి. ఆఫీసు నుంచి నాన్న ఎప్పుడొస్తారో అమ్మకే తెలిసేది కాదు. మాకున్న తోడల్లా పక్కింటి జపాన్ ఆంటీయే. వాళ్ల గోడకు ఎత్తులో చిన్న చెక్క మందిరం ఉండేది. ఆవిడ రోజూ పొద్దున్నే దాని ముందు బియ్యం, ఉప్పు, నీళ్లు పెట్టి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగి దండం పెట్టేది.

ఒక రోజు క్లాసులో పాఠం పైకి చదువుతుంటే నా యాసకు పిల్లలంతా నవ్వారు. ఇంటికొచ్చి గదిలో గడియ పెట్టుకుని, ఇక బడికి పోనన్నాను. అమ్మ బతిమాలింది, బెదిరించింది, చివరికి తనూ ఏడ్చింది. ఏమీ తోచక ఆంటీని పిలుచుకొచ్చింది.

“నో కాలింగ్, నో క్రయింగ్ లా. వుయ్ డాన్స్,” అని ఆంటీ సింగపూర్ యాస ఇంగ్లీషులో అమ్మతో అనడం లోపలికి వినిపించింది.

కాసేపటికి దబదబమని చప్పుడు. “అయ్యయ్యో ఆంటీ, స్లోగా, పడిపోతారు!” అంటూనే అమ్మ పగలబడి నవ్వుతోంది. సింగపూర్ వచ్చాక అమ్మ అలా నవ్వడం నేను వినలేదు. ఉండబట్టలేక తలుపు వేలెడంత తీశాను. ఎదురుగా అద్దం, అందులో ఉబ్బిన కళ్లతో నా మొహం. అద్దం పట్టుకున్న అమ్మ రెండో చేత్తో నన్ను బయటికి లాగేసింది. హాల్లో బోర్లించిన బట్టల టబ్బు మీద, తలకు తువ్వాలు చుట్టుకుని, అరవై దాటిన ఆంటీ ఇంకా చిందేస్తూనే ఉంది.

ఆ సాయంత్రం ఆవిడ మాకు వాళ్ల పురాణకథ చెప్పింది. తమ్ముడి ఆగడాలు భరించలేక సూర్యదేవి గుహలో దాక్కుంటే లోకం చీకటైపోయిందట. ఒక దేవత తొట్టి బోర్లించి దానిమీద చిందేస్తే మిగతా దేవతలంతా పకపకా నవ్వారట. తను లేకుండా ఈ సంబరమేమిటని సూర్యదేవి తొంగిచూసి, ఎదుటి అద్దంలో తన వెలుగే చూసి నిలబడిపోయిందట. అంతలో ఒక బలశాలి ఆమెను చెయ్యి పట్టి బయటికి లాగాడట.

మర్నాడు ఆంటీ బడి గేటు దాకా నాతో నడిచింది. ఆ రోజూ ఒకరిద్దరు నవ్వారు. నేను చదవడం ఆపలేదు.

ఒక పరాయి పిల్ల కోసం టబ్బెక్కి గెంతడానికి ఆవిడ సిగ్గుపడలేదు. ఆ పెద్దమనసు నాకు పూర్తిగా అబ్బలేదు కానీ, కొంత అంటింది. ఉద్యోగం పోయి మా ఆయన వారం రోజులు గదిలోనే ఉండిపోయినప్పుడు నేను తలుపు తట్టలేదు. స్నేహితులను భోజనానికి పిలిచి, హాల్లో క్యారమ్స్ బోర్డు పరిచాను. మూడో ఆటకి ఆయనొచ్చి నా పక్కన కూర్చున్నారు.